కాగితం కోసం చేసిన తూటాలు

“ఆ గోడకి దేవుళ్ళుంటారు. తుపాకీ బీరువా ఉండదు. వారం నించి చెబుతూనే ఉన్నా,” అంది మధులిక, గరిటె సింకులో పడేస్తూ.

“దసరాకి ఆయుధపూజ చేసుకోమా ఏంది? పక్కనే ఉంటే దానికీ ఇంత బొట్టు పెడతా,” అంది అత్తగారు భ్రమరాంబ. కొడుకింట్లో నాలుగు నెలలుండి పోదామని వచ్చిన ఆవిడకి ఈ వాదన మంచి కాలక్షేపంగా ఉంది.

“ఆవకాయ జాడీలో తడి చెంచా పెడితేనే ఊరుకోరు మీరు. తుపాకీకి బొట్టు పెడతారా అత్తయ్యా?”

“పచ్చడి పాడైతే మళ్ళీ పెట్టుకోవచ్చు. ఇది నా కొడుకు ఉద్యోగం.”

ఐర్లండ్‌లో, అత్లోన్ ఊళ్ళోని ఆ ఇంట్లో ఏ గోడ తట్టినా డొల్లగా మోగుతుంది. మెట్ల కింద, దేవుడి మందిరం ఆనుకుని ఉన్న గోడ ఒక్కటే గట్టిది. మధులిక భర్త కళాధర్ కొనబోయే రైఫిల్ ఇంట్లో ఉంచుకోవాలంటే, చట్టం ప్రకారం ఇనుప బీరువాని గట్టి గోడకి బోల్టులతో బిగించాలి. పాత బీరువా ఒకటి బేరం కుదిరింది. తెచ్చేవాడికి ఈ రాత్రి ఏదో ఒకటి చెప్పాలి.

కళాధర్ వెనక తలుపు దగ్గర కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. తెల్లవారకముందు వేటకి వెళ్ళిన మనిషి, చీకటి పడ్డాక వచ్చాడు. ఎప్పుడూ తల్లి మాటకి వంత పాడేవాడు, ఇవాళ తలెత్తలేదు.

“డిడ్ యి గెట్ వన్, డాడ్?” అంది కూతురు స్పందన, బడిలో పట్టిన ఐరిష్ యాసలో.

“ఆ. పాడ్రిగ్ కొట్టాడు.”

“గ్రాండ్!” అని ఆ పిల్ల టీవీ వైపు తిరిగిపోయింది. టీవీలో, దివాలా అంచున ఉన్న దేశానికి అప్పు ఇచ్చేవాళ్ళు డబ్లిన్‌లో ఏ హోటల్లో దిగారో చూపిస్తున్నారు.

రక్తనాళాల్లోకి పంపే సన్నని గొట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీలో కళాధర్ టెస్టింగ్ ఇంజినీరు. పాడ్రిగ్ అతని మేనేజరు. క్రిస్మస్ దాటాక ఇంకొంతమందిని తీసేస్తారనీ, ఎవరిని తీసెయ్యాలో పాడ్రిగ్ చెబుతాడనీ అందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా నెమలికోళ్ళని, బాతుల్ని షాట్‌గన్‌తో కొట్టిన పాడ్రిగ్‌కి ఈ ఏడు జింకల మీదికి మనసుపోయింది. “నరికేసిన అడవికి అవతలి గట్టున నిలబడతాయవి. మూడు వందల మీటర్లు. అంత దూరం ఏ రైఫిల్ కొడుతుందో నువ్వే చెప్పాలి. లెక్కలు నీవి,” అన్నాడు క్యాంటీన్‌లో, భుజమ్మీద చెయ్యేసి.

ఆ చెయ్యి కళాధర్‌కి దేవుడి చెయ్యిలా తోచింది. గాలికి తూటా ఎంత పక్కకి పోతుంది, ఎంత కిందికి దిగుతుంది, అన్నీ పట్టిక వేశాడు. మరీ బరువైన తూటా కొట్టే రైఫిల్ వద్దు, భుజాన్ని తంతుంది. గాలిని బాగా కోసుకుపోయే ఆరున్నర మిల్లీమీటర్ల తూటా కొట్టే రైఫిల్ చాలన్నాడు. పాడ్రిగ్ మారుమాట్లాడకుండా కొన్నాడు. తోడు రావడానికి కళాధర్‌నీ ఒకటి కొనుక్కోమన్నాడు. కళాధర్ తూటాలు రెండు రకాలు తెప్పించి, గురి చూసి కాల్చడం నేర్చుకునే రేంజిలో పాడ్రిగ్ చేత కాల్పించాడు. మెత్తని సీసం మొన ఉన్నవి కాగితం మీద అరచెయ్యంత మేర చెదిరాయి. రెండో రకం మాత్రం ఒక యూరో బిళ్ళ కింద దాగిపోయేంత దగ్గర దగ్గరగా పడ్డాయి. పాడ్రిగ్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రెండో రకం పోటీల్లో కాగితాల మీద కాల్చడానికి చేసినవి. ఒంట్లోకి వెళ్ళాక మొన విచ్చుకోదు, సన్నగా దూరి అవతలికి పోతుంది, జంతువు వెంటనే చావదు. ఈ సంగతి కళాధర్ చదివాడు. చదివి కూడా పట్టికలో వెయ్యలేదు.

వేటకి తూటాలు కొన్న రోజు, దుకాణంలో పాడ్రిగ్ అవతల బూట్లు చూస్తున్నాడు. “ఇవి రేంజికా, జింకలకా?” అని అడిగాడు దుకాణదారు. జింకలకంటే వద్దంటాడు. పాడ్రిగ్ ముందు తన పట్టిక తప్పని తేలుతుంది.

“రేంజికే,” అన్నాడు కళాధర్.

ఈ ఉదయం తూటా సరిగ్గా భుజం వెనకే తగిలింది. బైనాక్యులర్స్‌లో చూశాడు. ఆడజింక ఒక్కసారి వీపు విరుచుకుని పరిగెత్తింది. నెత్తురు అక్కడో చుక్క ఇక్కడో చుక్క. మధ్యాహ్నం దాకా వెతికితే ఒక కాలవ గట్టున దొరికింది. తల ఎత్తే ఉంది. వాళ్ళ వైపే చూస్తోంది. పాడ్రిగ్ దగ్గరికెళ్ళి ముగించాడు.

తర్వాత ఆ పెద్దమనిషి గడ్డిలో చతికిలబడ్డాడు. “తప్పు నాదే. చెయ్యి వణికింది. ముసలాణ్ణయ్యాను, ఇక రైఫిల్ పట్టకూడదు,” అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. “నీ లెక్కలో ఏ తప్పూ లేదు,” అని కూడా అన్నాడు.

ఇటు వైపు ఎంత చిన్న చిల్లో, అటు వైపూ అంతే చిన్న చిల్లు. కళాధర్ చూశాడు.

“ఏవండీ, మిమ్మల్నే. బీరువా అతనికి ఏం చెప్పను?” అంది మధులిక కంచాలు పెడుతూ.

“రమ్మను. గోడ నేను చూసుకుంటా,” అంది భ్రమరాంబ.

“అసలు ఈయనకి తుపాకీ ఎందుకత్తయ్యా? బొద్దింకని చూస్తే నన్ను పిలుస్తారు.”

స్పందన పకపకా నవ్వింది. కళాధర్ చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. కంచంలో అన్నం చూసి, మళ్ళీ లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

“టీవీ ఆపమ్మా,” అన్నాడు కూతురితో. ఆ గొంతు విని ముగ్గురూ అతని వైపు చూశారు.

దుకాణంలో తనేమన్నాడో, కాలవ గట్టున ఏం చూశాడో, పాడ్రిగ్ ఏమన్నాడో, తలొంచుకునే చెప్పాడు. జింక తల ఎత్తి ఉందన్న చోట కంచం పక్కకి నెట్టేశాడు. మధులిక నీళ్ళ గ్లాసు అతని ముందుకి జరిపింది.

“ఎవరికీ తెలీదు గదరా,” అంది తల్లి మెల్లగా. “ఆయనే తప్పు తనదంటుంటే...”

“అందుకేనమ్మా.”

“చెబితే తీసేసేవాళ్ళలో నీ పేరు రాసి పంపడా?”

“పంపొచ్చు.” కళాధర్ గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. “బీరువా వద్దని చెప్పు మధూ. రేపు పొద్దున్నే పాడ్రిగ్ ఇంటికెళ్తాను. ఆయన చెయ్యి వణకలేదని చెప్పొస్తాను.”