మూడో అధ్యాయంలో ఆలుమగలు

డాక్టర్ లుక్యాముజీ పుస్తకం ఈ పొద్దున ప్రెస్సుకు వెళ్లింది. కాగితాల కట్టను నేనే మోసుకెళ్లి ఇచ్చి వచ్చాను. గుండె తేలికపడింది కాబట్టి జరిగింది ఇప్పుడు రాయగలుగుతున్నాను.

మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదట. నాన్నది సొరోటీ దగ్గర ఎడ్ల సేద్యం. మకెరెరే యూనివర్సిటీలో పట్టా పుచ్చుకుని కంపాలాలోనే ఒక చిన్న ప్రచురణ సంస్థలో చేరాను. ఇక్కడి జనం ఇప్పుడు ఎలా బతుకుతున్నారో ఇక్కడి పరిశోధకులే రాసిన పుస్తకాలు వేస్తాం. ప్రూఫులు దిద్దడం నా పని. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పూర్తిగా నా చేతికిచ్చిన మొదటి పుస్తకం ఇదే.

మసాకా వైపు పల్లెల్లో భూమి పంపకాల గురించిన పుస్తకమది. మూడో అధ్యాయమంతా ఒక జంట కథ. అన్నదమ్ములు కాఫీ తోట లాక్కోబోతే ఆ మొగుడూ పెళ్లాం ఒక్క మాట మీద నిలబడి దక్కించుకున్న వైనం. ఆ అధ్యాయం తీసేస్తే మిగిలేది అట్ట ఒక్కటేనని డాక్టర్‌గారే అనేవారు. వాళ్ల అసలు పేర్లు బయటపెట్టకూడదు కాబట్టి ఇక్కడా రాయను. కవలలు పుట్టారు కనుక ఊళ్లో అతన్ని సలోంగో, ఆమెను నాలోంగో అని పిలుస్తారు. ఆ చుట్టుపక్కల కవలల తల్లిదండ్రులు డజనుమంది ఉన్నారు, ఆ పిలుపుతో బయటివాళ్లెవరూ పోల్చుకోలేరు.

మారుపేర్లు పెట్టే పని డాక్టర్‌గారు నాకు వదిలేశారు. ఆయన యూనివర్సిటీలో పాఠాలు చెబుతారు. పరీక్ష పేపర్లు దిద్దే హడావిడిలో ఉండి, ఆ ప్రాంతపు గండా జనం పెట్టుకునే పేర్లు ఏవో రెండు చూసి పెట్టమన్నారు. నేను యూనివర్సిటీ పట్టాల పండుగ జాబితా ముందేసుకుని, నోటికి సులువుగా ఉన్నవి రెండు ఏరాను. మొగుడికి ముబీరు, పెళ్లానికి నంక్యా. అధ్యాయమంతా ఒక్కో చోటూ చూసుకుంటూ మార్చాను. ఒక్కటి కూడా తప్పిపోలేదని గర్వపడ్డాను కూడా.

డాక్టర్‌గారికి ఒక పట్టింపు ఉంది. ఎవరి గురించి రాశారో వాళ్లకు చదివి వినిపించి, వాళ్లు సరేనని సంతకం పెడితేగాని అచ్చుకు ఇవ్వరు. అందుకని శనివారం ఇద్దరం ఆ ఊరు వెళ్లాం. వాకిట్లో చాపలు పరిచారు. సలోంగో, నాలోంగో ఒక పక్కన కూర్చున్నారు. నడిమధ్యన సలోంగో మేనత్త కూర్చుంది. అతన్ని పెంచింది ఆవిడే. ఆవిడ ఊ అనకుండా ఆ ఇంట్లో ఎవరూ కాగితం మీద చెయ్యి పెట్టరు.

డాక్టర్‌గారు ఇంగ్లీషులో ఉన్నదాన్ని గండాలో చెప్పుకుంటూ చదవడం మొదలుపెట్టారు. పేర్లు మార్చాక ఆ కాగితాలు ఆయన చూడటం అదే మొదలు. "ముబీరు, అతని భార్య నంక్యా" అన్నారు. అని ఆగిపోయారు.

మేనత్త మెడ చాచింది. "మొగుడి పేరేమన్నావు నాయనా?"

"ముబీరు."

"పెళ్లాం పేరు?"

ఆయన కాగితం కిందికి దించారు. మళ్లీ అడిగింది. ఆయన బదులు నేనే చెప్పాను, నంక్యా అని. విషయం నాకింకా తెలియలేదు.

నాలోంగో చేతుల్లో మొహం దాచుకుంది. అప్పుడు డాక్టర్‌గారు నా చెవిలో చెప్పారు. ఇక్కడ పేరు చెబితే గోత్రం తెలిసిపోతుంది. ఆ రెండు పేర్లూ మాంబా అనే బురదచేప గోత్రానివి. ఒకే గోత్రమంటే ఒకే తండ్రి బిడ్డల కింద లెక్క. నేను అన్నకూ చెల్లెలికీ పెళ్లి చేసి, కాపురం పెట్టించి, కవలల్ని కూడా పుట్టించాను.

మేనత్త గొంతు పెంచలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. "పరాయి ప్రాంతంవాడు రాస్తే తెలియక రాశాడనుకుంటాం. నువ్వు మా గండా బిడ్డవి. మా ఇంట్లో తిన్నావు. వావివరసలు తెలిసి కూడా ఇది రాశావా? పేరు మార్చినా ఈ కథ మాదేనని ఊరికి తెలియదా? మా మాటలన్నీ తీసెయ్. సంతకాలు లేవు, ఏమీ లేవు."

డాక్టర్‌గారు తలవంచుకుని, తప్పు తనదేనన్నారు. చూడకుండా తెచ్చానన్నారు. నాలుగేళ్లు ఆయన ఆ ఊరి చుట్టూ తిరిగారు. ఆ నాలుగేళ్లూ నా రెండు పేర్ల మూలాన పోతున్నాయి. ఆయన నా పేరు ఎత్తడం లేదు. నేను ఊరుకుంటే ఆ నింద ఆయన మీదే ఉండిపోతుంది. చాప దిగి మోకాళ్ల మీద కూర్చున్నాను.

"పెద్దమ్మా, పేర్లు పెట్టింది నేను. ఆయన చూడనే లేదు. మాది టేసో తెగ. మా పేర్లలో గోత్రం కనబడదు. ఒక జాబితాలోంచి చెవికి బాగున్నవి ఏరాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏరావా? టమాటాలా?"

"అవును పెద్దమ్మా."

"మీకు గోత్రాలు లేవా పిల్లా?"

"ఉన్నాయి. ఒక్కో గోత్రంవాళ్లు తినకూడనివి కూడా ఉన్నాయి. అందుకే అడగకపోవడం మరీ తప్పు."

సలోంగో దగ్గాడు. పెద్దావిడ ముందు నవ్వకూడదని దగ్గాడని తర్వాత తెలిసింది. నాలోంగో మాత్రం చేతుల చాటునుంచే అడిగింది, అదే అధ్యాయంలో ఆదివారం పూట చుట్టాలొచ్చిన సంగతి ఉందా అని. ఉందన్నాను. ఏం వండానని రాశారని అడిగింది. కాగితం తిప్పి చూశాను.

"మాంబా చేప," అన్నాను. "ముబీరు తెచ్చాడు, నంక్యా వండింది, ముబీరు రెండుసార్లు వడ్డించుకున్నాడు."

నాలోంగో చేతులు తీసేసింది. మొహం దాచుకున్నది ఏడుపుతో కాదు, నవ్వు ఆపుకోలేక. "అత్తా, విన్నావా? అన్నాచెల్లెళ్లు పెళ్లాడింది చాలక గోత్రాన్ని కూడా పులుసు పెట్టుకున్నారట. నీ మేనల్లుడు మారు కూడా వడ్డించుకున్నాడట."

మేనత్త పెదవులు బిగబట్టింది కానీ భుజాలు ఆగలేదు. ఆ తర్వాత ఆవిడ నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఇంత పాపం ఒక్క ఇంట్లో జరగదని, చదివినవాడెవడైనా రాసినవాళ్లకు మతి లేదనుకుంటాడే తప్ప తమ వాళ్లను అనడని తేల్చింది. అయినా ఆ పేర్లు ఒక్క క్షణం కూడా కాగితం మీద ఉండటానికి వీల్లేదంది.

అక్కడే పెన్ను తీశాను. మొగుడికి కసుజ్జా అని మేనత్త పెట్టింది. అది కొండముచ్చు గోత్రం, ఎవరూ దాన్ని తినరు కాబట్టి వంటల్లో చిక్కు రాదంది. సలోంగో తనను కోతిని చేశారని గొణిగితే, పెద్దగా మార్చాల్సిన పనేం పడలేదని నాలోంగో అంది. తనకు నాక్కు అని తనే పెట్టుకుంది. అది పునుగుపిల్లి గోత్రం. రెండూ వాళ్ల అసలు గోత్రాలు కావు, ఆ రెంటి మధ్య పెళ్లికి అడ్డూ లేదు. డాక్టర్‌గారు రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నారు. నేను మూడోసారి అడిగాను.

ముప్ఫై ఒక్క పేజీల్లోనూ కొట్టేసి పైన రాశాను. మేనత్త పక్కనే కూర్చుని, చదవడం రాకపోయినా, ప్రతి కొట్టివేతనూ వేలితో తడిమి చూసింది. డాక్టర్‌గారు మొదటినుంచీ మళ్లీ చదివారు. తోట దక్కిన చోట నాలోంగో తలాడించింది. అంతా విన్నాక మేనత్త ఊ అంది. సలోంగో సంతకం పెట్టాడు, నాలోంగో సంతకం పెట్టింది. మేనత్త ఎవరూ అడగకుండానే వేలిముద్ర వేసింది.

అరిటాకులో మటోకే అనే అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు పెట్టారు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది. రెండుసార్లు వడ్డించుకున్నాను. తిరుగు ప్రయాణంలో డాక్టర్‌గారు, జరిగిందంతా మా సంపాదకురాలికి తానే చెబుతానన్నారు. వద్దు సార్, నేనే చెబుతానన్నాను. సోమవారం చెప్పాను. ఆవిడ అంతా విని, ఇకనుంచి మారుపేర్లు ఆ ప్రాంతం మనిషికి చూపించకుండా ఏ పుస్తకం కదలకూడదని రాసి గోడకు అంటించమంది. అంటించాను. ఉద్యోగం సంగతి ఆవిడ ఎత్తలేదు. తర్వాతి పుస్తకం కట్ట మాత్రం నా బల్ల మీద పెట్టి వెళ్లింది.