పాతర మూత

గ్రీష్మమధ్యాహ్నము. చండభానుని కిరణములకు బీటలువాఱిన రేగడినేలపై గాలి కదలక పక్షులు నోళ్లు తెఱచి వేపకొమ్మలలో నొదిగియుండ, గోడలు కూల్చబడిన యొక పాతయింటి నడుమ మాత్రము మంచువంటి చలి నిలిచియుండెను. అది నేలలో ధాన్యము దాచు, ఏండ్లుగా తెఱవని పాతరపై కప్పిన బండ సందులనుండి వెలువడుచుండెను.

ఆ యింటి యజమానురాలు ఓబులమ్మ. ఆమెకు మూడేండ్ల ప్రాయమున్నపుడు, వితంతువగు తల్లి నారాయణమ్మ యొకనాడు కనబడకపోయెను. పరపురుషునితో లేచిపోయెనని లోకము పలికెను. లేచిపోయినదాని కూతురను మాట నలువదియేండ్లుగా ఓబులమ్మను వెన్నాడుచుండెను. క్రొత్తయిల్లు కట్టునపుడు పాతరను నిలుపవలెనని యామె కోరిక. ఆమెను పెంచిన పెదతల్లి తిరుపతమ్మ మాత్రము పూడ్పింపవలెనని పట్టుపట్టెను.

"మన్నుబోసి పూడ్చేయ్ పాపా. కొత్తింట్లో ఈ గుంత ఏంటికే?"

"విత్తనం కాయలు నీ నెత్తిన పెట్టుకుంటావా పెద్దమ్మా? దీన్లో అయితే పురుగు పట్టదు."

మేస్త్రి మస్తానయ్య నవ్వెను. "అవ్వకు దయ్యాల భయంలేమ్మా. నా మొగం జూస్తే అవే పారిపోతాయ్. ముందు లోపలి గోడ గట్టిదో కాదో చూడనీండి" అనుచు గునపముతో బండను పెకలించెను.

పాతరలో విషవాయువున్నచో దీప మాఱును గావున, ముందుగా దీపమును త్రాట గట్టి దింపుట యా సీమ యాచారము. దీప మాఱలేదు. కాని గాలి చొరని యా గర్భమున దాని శిఖ, ఎవరో దాపున నిలిచి యూపిరి విడుచుచున్నట్లు, ఒకవైపునకే మాటిమాటికి వంగుచుండెను. ఆ వెలుగున గోడ కానవచ్చెను. ఎఱ్ఱమన్ను పేడ కలిపి పూసిన యలుకు నేడే పూసినట్లు తడితడిగా మెఱయుచుండెను. దానిపై అడుగునుండి బండ దాపువఱకు స్త్రీ యరచేతి ముద్రలు, ఒకదానిపై నొకటిగా, లెక్కకు మిక్కిలి యుండెను. అడుగున తెల్లచీర పేలికలలో ఎముకలు ముడుచుకొని పడియుండెను.

మస్తానయ్య తలపాగ తీసి చేతబట్టుకొనెను.

పాతర నలుకుటకు దిగు స్త్రీ తన గాజులు విప్పి యంచున నుంచును. అవి యున్నంతతడవు మూత వేయరాదు. ఇది తరతరముల కట్టుబాటు. వితంతువునకు గాజు లెక్కడివి?

తిరుపతమ్మ నేలపై గూలబడెను. "ఒడ్డున గాజుల్లేవు పాపా. మీయమ్మ ఎక్కొచ్చిందనుకొని నేనే మూసినా. ఆ పొద్దే అందరం తిరునాళ్లకు పోతిమి. మూడోనాడు తిరిగొచ్చినాక, దానికి గాజులే లేవని మతికొచ్చె. తీసి చూసే ధైర్యం లేకపాయె. లేచిపోయిందని పుట్టించింది గూడా నేనే."

ఓబులమ్మ పాతరలోనికి చూచి, పెదతల్లి రెట్ట పట్టి లేపెను.

"లెయ్. రచ్చకాడికి పోదాం. ఇదే మాట ఊరందరి ముందర చెప్పు. పూడ్చేది నిలిపేది ఆ తర్వాత."

తిరుపతమ్మ చెప్పెను. నారాయణమ్మ యస్థికలకు ఊరెల్ల వెంటనడువ దహనము జరిగెను. క్రొత్తయిల్లు లేచెను. పాతర పూడ్పబడలేదు. దానికి మూతయు లేదు. ఆ యింట గదియైనను గాదెయైనను మూయుటకు ముందు లోన నెవరని ముమ్మాఱు పిలుచుట నియమ మయ్యెను. తిరుపతమ్మ బ్రతికినన్నినాళ్లు ఆ పిలుపు ఆమెదే. మూడవ పిలుపు పిదప అందఱు నూపిరి బిగబట్టి చెవియొగ్గుదురు. బదులు వినవచ్చినట్లు తోచిననాడు ఆ తలుపు తెల్లవాఱువఱకు తెఱచియే యుండును.