టీ కొట్టులో ఐరన్ డబ్బా

నేను ఒక ఐరన్ మాత్రల డబ్బాను. ఇనుమంతా నా కడుపులోనే ఉంది గానీ నేను మాత్రం వట్టి ప్లాస్టిక్కును. మందుల షాపు అరలో కొన్నాళ్లు దుమ్ము తిని, చివరికి పాలకొల్లు బస్టాండు పక్కన టీ కొట్టు నడిపే మంగతాయారు చేతిలో పడ్డాను.

ఆవిడకు గర్భసంచిలో గడ్డ. ఆపరేషన్ చేద్దామంటే ఒంట్లో రక్తం లేదు. మొహం పాలిపోయింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రక్తం పెరిగితే తప్ప కత్తి పట్టనన్నారు డాక్టరమ్మ. రోజుకొక మాత్ర వేసుకుని నెల తర్వాత రమ్మన్నారు.

మంగతాయారు ఒక్కరోజూ మానలేదు. కాకపోతే టీతో మింగేది. ఎదురుగా టీ మరుగుతుంటే నీళ్ల కోసం లేవడం దేనికి? నాకు ఏడుపొచ్చేది. లోపలికెళ్లిన ఇనుమును ఆ టీ ఒంటికి పట్టనిచ్చేది కాదు. చాలావరకు వచ్చింది వచ్చినట్టే బయటికి పోయేది.

నెలకు పరీక్ష చేస్తే రక్తం పెరగలేదు. "ఒకటి సరిపోటం లేదేమో, రెండేసి ఏసుకో" అన్నాడు ఆవిడ భర్త సూర్రావు. ఒకటి పని చేయకపోతే రెండు వేయడం మనుషులకు పుట్టుకతో వచ్చిన వైద్యం. దాంతో కడుపునొప్పి, వాంతులు. విరేచనం నల్లగా అయ్యేసరికి మంగతాయారు హడలిపోయి, నన్ను సంచిలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

"ఉన్న రక్తం కూడా పోతందండి" అంది.

డాక్టరమ్మ పరీక్ష చేశారు. "ఆ నలుపు మాత్రలదే, భయం లేదు. రెండేసి మాత్రం వేసుకోకూడదు. ఇంతకీ దేంతో మింగుతున్నారు?"

"టీతోనండి. మా టీ చాలా బాగుంటాదండి."

"బాగానే ఉంటుందమ్మా, మాత్రకే పడదు. నీళ్లతోనో నిమ్మరసంతోనో మింగండి. టీకీ మాత్రకీ రెండు గంటలు ఎడం ఉండాలి."

కొట్టులో నేనుండేది బిస్కెట్ల సీసా పక్కనని తెలిసి, నన్ను పిల్లలకందని పై అరలో పెట్టమని కూడా చెప్పారు. మంగతాయారు మొహం చిన్నబోయింది. తన టీని ఒకరు కాదనడం కడుపునొప్పి కంటే పెద్ద బాధ. అయినా చెప్పినట్టే చేసింది. రక్తం పెరిగింది. ఆపరేషనూ అయింది. ఆ తర్వాత కూడా డాక్టరమ్మ చాలనేదాకా మాత్రలు వేసుకుంది.

ఖాళీ అయ్యాక నన్ను పారేస్తుందనుకున్నాను. కడిగి, ఎండబెట్టి, టీలో వేసే ఏలకులు పోసింది. శత్రువు దగ్గరే ఉద్యోగం దొరికింది.

మొన్న ఒకాయన టీ చెప్పి, జేబులోంచి ఐరన్ మాత్ర తీశాడు. మంగతాయారు గ్లాసు వెనక్కి లాక్కుంది.

"నీళ్లతో ఏసుకోండి. రెండు గంటలాగి టీ ఇస్తాను."

"అప్పటికి నేను భీమవరంలో ఉంటానండి."

"అయితే టీ భీమవరంలోనే తాగండి."

ఇంకో ఊరి టీ తాగమని ఆవిడ చెప్పగా వినడం నాకదే మొదటిసారి.