వంటిల్లు ఏ రాష్ట్రంలో ఉంది

ఆమె అంట్లు తోముతూ ఉండగానే వంటింటి గడప మీద సున్నం గీత పడింది. గీసినవాడు ఆమె ముఖం కూడా చూడలేదు. "కాస్త కాలు తియ్యమ్మా" అన్నాడంతే. గీతకు ఇవతల వసారా, హాలు, రెండు గదులు ఒక రాష్ట్రం. అవతల వంటిల్లు, దొడ్డి ఇంకో రాష్ట్రం. ఏళ్ళ తరబడి తేలని సరిహద్దు తేల్చడానికి రెండు ప్రభుత్వాలవాళ్ళూ వారం రోజులుగా ఊళ్ళో కొలతలు వేస్తున్నారు. ఎటువైపు ఎవరుంటే వాళ్ళను ఆ ప్రభుత్వం రాసుకుంటుంది.

పొద్దున ఇవతలి గుమస్తా వస్తే మొగుడు కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టాడు. తన పేరు, తల్లి పేరు, మూడేళ్ళుగా ఈ గుమ్మం తొక్కని తమ్ముడి పేరు గడగడా రాయించాడు. "మరి మీ ఆవిడో?" అని గుమస్తా అడిగాడు. "దాన్నెక్కడ రాస్తారులెండి, ఎప్పుడూ వంటింట్లోనే పడుంటుంది" అని నవ్వాడు మొగుడు. గుమస్తా కూడా నవ్వి, ఆమె తెచ్చిన టీ తాగి, కాగితం మడిచి వెళ్ళిపోయాడు.

ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పదహారేళ్ళు! వండింది, కడిగింది, ఎత్తిపోసింది. లెక్కకు మాత్రం మనిషి కాదు. దొడ్డి తలుపు తీస్తే చెక్‌పోస్టు రోడ్డు, ఆగిన లారీల వరస, చిరిగిన టార్పాలిన్లు. ఆమె తండ్రి టార్పాలిన్లు కుట్టి బతికినవాడు. దబ్బనం పట్టడం కూతురికీ నేర్పాడు. దొడ్లో కూర్చుని కుడతానని నాలుగేళ్ళుగా అడుగుతోంది. "ఇది ఇల్లనుకున్నావా, సత్రమనుకున్నావా? లారీవాళ్ళు వచ్చిపోతుంటే నేను తలెత్తుకు తిరగాలా?" అన్నాడు మొగుడు. "గరిట తిప్పే చేతికి దబ్బనమెందుకే?" అంది అత్త. మర్నాడే దొడ్డి తలుపుకు తాళం పడింది. తాళంచెవి మొగుడి మొలతాడుకెక్కింది. ఆడదాని చాకిరీకి హద్దుండదు గాని, ఆమె కోరికకు మాత్రం తాళం రడీగా ఉంటుంది.

మధ్యాహ్నం అవతలి రాష్ట్రం గుమస్తా వచ్చాడు.

"ఈ వంటిల్లు, దొడ్డి ఎవరి స్వాధీనంలో ఉన్నాయి?"

"నాదేనండీ, ఇల్లంతా నాదే" అన్నాడు మొగుడు.

"మిమ్మల్ని పొద్దునే అటు రాసేశారు. ఒక మనిషి రెండు రాష్ట్రాల్లో కాపురం ఉండడు కదా."

"అయితే మా అమ్మ పేరు రాయండి."

"ఆవిడా అటే."

"మా తమ్ముడు?"

"ఆయనా అటే. ఏ జాబితాలోనూ లేనివాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

ఆమె మసి చేతులతోనే గీత దాకా వచ్చి నిలబడింది.

"నేనున్నాను. పదహారేళ్ళుగా ఇక్కడే ఉన్నాను."

"నోర్ముయ్! లోపలికి పో!" అని అరిచాడు మొగుడు.

"లోపలే ఉన్నానుగా" అంది ఆమె.

గుమస్తా దగ్గి నవ్వు మింగాడు. వంటిల్లు, దొడ్డి ఆమె స్వాధీనమని పేరు రాశాడు, సంతకం పెట్టించుకున్నాడు, వంటింటి గోడకు నంబరు రేకు కొట్టించాడు.

"తాళంచెవి ఇవ్వండి" అని అడిగింది మొగుణ్ణి.

"నా బొందిలో ప్రాణం ఉండగా ఇవ్వను."

"మీ ప్రాణం మీ దగ్గరే ఉంచుకోండి" అంటూ రేకు కొట్టినవాడి సుత్తి అందుకుంది. మూడు దెబ్బలు. నాలుగేళ్ళ తాళం ఊడి కింద పడింది. రోడ్డు మీద డ్రైవరు ఒకడు తల తిప్పి చూశాడు. "అన్నా, ఆ టార్పాలిన్ ఇలా పట్రా" అని కేకేసింది.

సాయంత్రానికి అది దొడ్డి నిండా పరుచుకుంది. పాడు బరువు! ఒక కొస లాగితే రెండో కొస జారిపోతోంది. తలెత్తేసరికి గడప దగ్గర అత్త. ఇక తిట్ల వానే అనుకుంది.

అత్త కొంగు నడుముకు బిగించి గీత దాటింది. కొస పట్టుకుని గట్టిగా లాగింది. "రేపు ఆ గుమస్తాతో చెప్పవే. నన్ను అటు కొట్టేసి ఇటు రాయమను. ఈ పొయ్యి దగ్గర నలభై ఏళ్ళు కాలాను. వీడు నన్ను హాల్లో రాయించాడు, సచ్చినోడు!"

హాల్లోంచి కేక వినబడింది. "అమ్మా! అన్నం ఎవరు పెడతారు?"

"మీ ప్రభుత్వాన్ని అడగరా!" అంది అత్త, దారం పళ్ళతో కొరుకుతూ.