బాలప్ప చెప్పిన పేరు

నలభైరెండులో ఉద్యమం ఊళ్లకు పాకి, ఎక్కడ చూసినా తంతి తీగలు తెగుతున్న రోజులవి. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న లిడియాను ఒక మధ్యాహ్నం పోలీసులు లారీలో పుంగనూరు ఠాణాకు తీసుకెళ్లారు. పడిపోయిన మనిషికి స్పృహ తెప్పించాలన్నారు.

ఆ మనిషి బాలప్ప. మగ్గం నేసుకునేవాడు, సంతలో కాంగ్రెసు కరపత్రాలతో దొరికాడు. అరికాళ్లు వాచి నల్లబడ్డాయి. లిడియా అతని మొహం తుడిచి, గుక్కగుక్కగా నీళ్లు తాగించింది.

"కుప్పం దగ్గర రైలు పట్టాలు పీకబోతాండారు. యాడ పీకేదీ వీడికి తెల్సు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నీ మొగుడు ఆ లైన్లోనే గదమ్మా పనిచేసేది? వీడు ఇంక తట్టుకోలేడంటే సెప్పు, ఆపేస్తాం."

ఆమె భర్త థామస్ ఇంజన్లో బొగ్గు వేస్తాడు. ఆ రోజు అటే వెళ్లాడు. లిడియా బాలప్ప చెయ్యి పట్టుకుంది. నాడి అందీ అందనట్టుంది.

"తట్టుకుంటాడు," అంది.

ఆమెను వరండాలో కూర్చోబెట్టారు. తలుపు వేసినా అరుపులు ఆగలేదు. చివరికి బాలప్ప ఒక పేరు చెప్పాడు: రంగప్ప, వంతెన దగ్గర.

పోలీసులందరూ వంతెన మీదికి పరుగెత్తారు. అక్కడేమీ లేదు. పట్టాలు ఊడదీసింది వేరే చోట. మేకలు కాసుకునే ముసలమ్మ అది చూసి గేటుమనిషికి చెప్పింది. అతను ఎర్రజెండా ఊపి బండి ఆపాడు. థామస్ క్షేమంగా ఇల్లు చేరాడు.

మర్నాడు అరికాళ్లకు కట్టు కట్టడానికి ఠాణాకు వెళ్తే బాలప్ప కళ్లు తెరిచాడు. "నర్సమ్మా, నాకేం తెలీదు. ఏదో ఒగ పేరు సెప్పకుంటే వదిలేట్టు లేరు. రంగప్ప నా బామ్మర్ది. ఆ యాళకు ఇంగే పేరూ నోటికి రాలేదు."

రాత్రే పట్టుకొచ్చి పక్క గదిలో వేసిన రంగప్పను చూస్తానంది లిడియా. కానిస్టేబులు తల దించుకున్నాడు. "ఇంక సూసేదానికేం లేదమ్మా. తెల్లారకముందే పాణం పోయింది."

ఇంటికొచ్చి భర్తకు అంతా చెప్పింది. థామస్ తింటున్న కంచం పక్కకు జరిపి, "నా కోసమా?" అని మాత్రం అడిగాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఆమెకు మాత్రం నిద్ర పడితే చాలు, ఆ తలుపు వెనక అరుపులే.

ఉండబట్టలేక ఒకనాడు రంగప్ప ఊరు వెళ్లింది. అతని భార్య చాప పరిచి కూర్చోమంది.

"నువ్వా పొద్దు ఆడనే ఉండావంట గదమ్మా. మా ఆయన ఎవురి జోలికీ పోయే మనిషి గాదు. ఆయన పేరు వాళ్లకెట్ల తెలిసింది?"

లిడియా చాప అంచున ఊడిన పుల్లను లోపలికి దోపింది.

"ఎండన బడి వచ్చినావు," అంటూ ఆమె మజ్జిగ తెచ్చిచ్చింది. కాదనలేక లిడియా తాగింది.