ఖాళీ కుర్చీకి ప్రశ్న

టీవీలో ఉమామహేశ్వర్ పదేళ్లుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాడు. ఎదురుగా పెద్దమనిషి కూర్చుంటే చాలు, పళ్లికిలిస్తూ చేతులు నలుపుకుంటాడు. ఆ టేపులన్నీ ఎడిటింగ్ చేసేది హైమావతి. ఆ ఇకిలింపు చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది.

ఈసారి వచ్చింది నాచారంలో రంగుల ఫ్యాక్టరీ యజమాని. ఆ ఫ్యాక్టరీ పుణ్యమా అని హైమావతి వాళ్ల వీధి బోరింగులో నీళ్లు పసుప్పచ్చగా వస్తున్నాయి. ఉమామహేశ్వర్ మాత్రం అరగంటసేపు "మీ విజయ రహస్యం ఏమిటండీ?" అంటూ మెలికలు తిరిగాడు.

ఉన్నది ఒక్కటే కెమెరా. అందుకే అతిథి వెళ్లిపోయాక, ప్రశ్నలడిగేవాడి చేత అవే ప్రశ్నలు మళ్లీ అడిగించి, అతని ముఖం విడిగా తీస్తారు. యజమాని కారు గేటు దాటిందో లేదో, మన వీరుడు ఖాళీ కుర్చీకి వేలు చూపించి గర్జించాడు: "జనం తాగే నీళ్లు పాడుచేయడానికి మీకు సిగ్గు లేదూ?"

తర్వాత హైమావతి దగ్గరికొచ్చాడు. "ఆయన టీ తాగుతూ తల వంచాడు చూడమ్మా, ఆ ముక్క నా ప్రశ్న వెనకాల అతికించు. సిగ్గుపడ్డట్టు ఉంటుంది."

"అట్లనే సార్" అంది హైమావతి. టేపులో ఇంటర్వ్యూ చివర, యజమాని లేచి వెళ్లాక కెమెరామన్ ఆపడం మర్చిపోతే పడ్డ ఖాళీ కుర్చీ కూడా ఉంది.

ఊరంతటికీ ఉన్నది ఒక్కటే చానెల్ కాబట్టి, ఆదివారం ఉప్పల్ నుంచి చెంగిచెర్ల దాకా అందరూ చూశారు. ఉమామహేశ్వర్ గర్జించాడు. వెంటనే ఖాళీ కుర్చీ కనిపించింది.

సోమవారం ఊగిపోతూ వచ్చాడు. "నా పరువు తీశావు కదమ్మా!"

"నేనేం జేసిన సార్?" అంది హైమావతి, ఎడిటింగ్ మిషన్ మీంచి తల ఎత్తకుండా. "మీరు ఎవల్ని అడిగిన్రో వాళ్లనే చూపెట్టిన."