ఐదున్నర పలికిన ఎర్ర కారు

లింగస్వామి కారు చుట్టూ మూడో ప్రదక్షిణం మొదలుపెట్టాడు. గుళ్ళో కూడా అంత భక్తిగా తిరిగి ఉండడు. ఒక్కో తలుపు దగ్గర ఆగి, రబ్బరు అంచు వెనక్కి లాగి, లోపలి రంగును బొటనవేలితో తడిమి చూస్తున్నాడు. ఎక్కడైనా గీత పడి మళ్ళీ రంగు వేయించి ఉంటే ఆ వేలికి ఇట్టే తెలిసిపోతుందట. జోగారావు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా ఊరందరి పిల్లల పేపర్లూ దిద్దిన మనిషి. తన పేపరు ఇంకొకడు దిద్దుతుంటే ఎలా ఉంటుందో ఆ మధ్యాహ్నం ఎల్‌బీ నగర్‌లో, హైవే పక్కనున్న పాత కార్ల యార్డులో మొదటిసారి తెలిసింది.

"ఏం నడ్వలే కద సార్ బండి. తొమ్మిది వేల కిలోమీటర్లే," అన్నాడు లింగస్వామి, లోపలికి తొంగి చూసి.

"ఎక్కడ నడపమంటారు? ఏడాదిలో సగం రోజులు బందులేనాయె," అనేసి, జోగారావు నాలుక కరుచుకున్నాడు. సకల జనుల సమ్మె ఆగి పది రోజులు కూడా కాలేదు. కూడలిలో దీక్షా శిబిరం టెంటు ఇంకా అలాగే ఉంది. ఎవరి ముందు ఏం మాట్లాడాలో తెలియక, ఈ రెండేళ్ళలో ఆయన సగం మాటలు మింగడం అలవాటు చేసుకున్నాడు.

లింగస్వామి పట్టించుకోలేదు. నంబరు ప్లేటు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఏపీ పదహారు, అంటే బెజవాడ బండి. "ఏపీ" అన్న అక్షరాల మీద జిగురు మరక నల్లగా కనిపిస్తోంది. దాన్ని గోటితో గీకి తల పైకెత్తాడు.

"ఈడ ఏదో అంటిచ్చి పీకినట్టున్నరు?"

"టీజీ అని స్టిక్కరు..."

"టీజీ పదహారా! ఏంది సార్, బెజవాడను గూడ తెలంగాణల కలుపుతమంటిరా?"

యార్డులో ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. జోగారావు కూడా నవ్వాల్సి వచ్చింది. లింగస్వామి లేచి, చేతులు దులుపుకుని, ధర చెప్పాడు. ఐదున్నర లక్షలు.

పద్నాలుగు నెలల కిందట పన్నెండు పెట్టి కొన్న బండి అది. ఎంత పడిపోయినా ఎనిమిదిన్నరకు తగ్గదని జోగారావు లెక్క. ఆ ఎనిమిదిన్నర మీదే ఆయన ప్రాణం వేలాడుతోంది. బెజవాడలో చిన్ననాటి స్నేహితుడు భానుమూర్తి జూనియర్ కాలేజీ పెడుతున్నాడు. నవంబరు ముప్పయ్యో తేదీలోగా ఎనిమిది లక్షలు తెస్తే జోగారావుకు వాటా, కెమిస్ట్రీ విభాగం, సొంత మనుషుల మధ్య బతుకు. తేకపోతే ఆ వాటా ఇంకొకరికి పోతుంది. కారు తప్ప ఆయన దగ్గర అమ్మడానికి ఇంకేమీ లేదు.

"గా పదహారు నంబరు జూసి గీ టైంల ఎవలు కొంటరు సార్? పైంగ ఎర్ర రంగు. రెండే తలుపులు. ఎన్క సీట్ల మేకపిల్ల గూడ పట్టది. పెండ్లాం పిల్లలున్నోడు కొనడు, పోరగాండ్లకాడ పైసలుండయ్," అన్నాడు లింగస్వామి. ఒక్క మాటకూ ఎదురు చెప్పడానికి లేదు.

నడమంత్రపు సిరి నరాల మీద పుండు అని పెద్దలు ఊరికే అనలేదు. అంతకు ముందు ఏడాది ఫలితాల్లో జోగారావు దగ్గర చదివిన పదకొండు మందికి మెడికల్ సీట్లు వచ్చాయి. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో, మిఠాయి కొట్టు పైన ఆయన కోచింగ్ నడిపే రెండు గదుల ముందు చెప్పుల గుట్టలు పడ్డాయి. ఆ ఊపులో ఆయనకు మతి పోయింది. నలభై ఆరేళ్ళ వయసులో, నేలను రాసుకుంటూ పోయే స్పోర్ట్స్ కారు కొన్నాడు. బావమరిదికి తెలిసిన షోరూములో తగ్గించి ఇస్తారని బెజవాడలోనే కొని, అక్కడి నంబరే వేయించాడు. వనస్థలిపురం కాలనీలో స్పీడ్ బ్రేకరు దాటినప్పుడల్లా బండి కడుపు గరగరలాడేది, ఆయన కడుపు తరుక్కుపోయేది. "నలుగురు ఎక్కే బండి కొనండంటే విన్నారా?" అని భార్య ఇంద్రాణి సణిగేది.

తరవాత గొడవలు ముదిరాయి. అందరితో పాటు ఆయనా టీజీ స్టిక్కరు అంటించాడు. బెజవాడ వెళ్ళేటప్పుడు కోదాడ దాటగానే బండి ఆపి, స్టిక్కరు పీకి జేబులో పెట్టుకునేవాడు. వచ్చేటప్పుడు మళ్ళీ అక్కడే ఆగి అంటించేవాడు. నిజానికి ఇటు గానీ అటు గానీ ఆయన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా ఇంద్రాణికి రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. "ఎవరో ఏదో అనేదాకా ఉండాలా ఏమిటి? మర్యాద ఉండగానే వెళ్ళిపోదామండీ," అనేది. చివరికి ఆయనా సరేనన్నాడు.

సరేనన్నాడు గానీ, తన దగ్గర చదివే పిల్లలకు చెప్పలేదు. ఎంసెట్ మే నెలలో. నలభై రెండు రోజుల సమ్మెలో షట్టర్ సగం దించి చెప్పిన ఇరవై రోజులు పోను, మిగతా పాఠాలన్నీ లాగాలని పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా బ్యాచ్‌లు పెట్టాడు. అంత చేస్తూనే, లోపల్లోపల, ఆ పిల్లల్ని నట్టేట వదిలేసి పోయే ఏర్పాట్లు చేసుకుంటున్నాడు. బోర్డు మీద రాస్తున్నప్పుడు వెనక్కి తిరిగి వాళ్ళ మొహాలు చూడాలంటే ఆయనకు సిగ్గేసేది.

మర్నాడు మధ్యాహ్నం దొరికిన గంటలో అదే రోడ్డు మీద ఇంకో యార్డుకు వెళ్ళాడు. దాని యజమాని మట్టయ్య ముసలాయన. కారును ఎగాదిగా చూసి, "మంచినీళ్ళు తాగొస్త సార్," అని లోపలికి వెళ్ళి, మూతి తుడుచుకుంటూ వచ్చి, "ఐదున్నర," అన్నాడు. మూడో యార్డులోనూ అదే ధర. పైసా అటూ ఇటూ లేదు. వారం ఆగి లింగస్వామి దగ్గరికే మళ్ళీ పోతే, "మార్కెట్ దిగింది సార్, ఐదూ ముప్పై," అన్నాడు. బెజవాడలోనే అమ్మిపెట్టమని బావమరిదికి ఫోను చేశాడు. అతను నాలుగు చోట్ల అడిగి, "హైదరాబాదులో తిరిగిన బండి అంటే ఇక్కడ జంకుతున్నారు బావా, గొడవల్లో ఎక్కడ ఏం తగిలిందోనని," అన్నాడు. ఊరికి ఆ చివరనున్న కూకట్‌పల్లి పోయి అడుగుదామంటే, క్లాసు మానితే తప్ప కుదరదు. క్లాసు మానితే పిల్లలకు అనుమానం వస్తుంది.

ఉండడానికి మనసు లేదు, పోవడానికి దారి లేదు. రేడియోధార్మిక పదార్థానికి అర్ధాయువు ఉంటుందని, ఏం చేసినా ఆ క్షయాన్ని ఆపలేమని ఆయన ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. ఇప్పుడు ఆ పాఠం ఎర్రగా మెరుస్తూ ఇంటి ముందు నిలబడి ఉంది. పొద్దున లేచి కారు మీద దుమ్ము తుడుస్తుంటే గుడ్డకు దుమ్ముతో పాటు డబ్బు కూడా అంటుకుపోతున్నట్టు ఉండేది. మూడో వారంలో ధర ఐదుకు దిగింది.

నెలాఖరుకు ఇంకో ఆరు రోజులుందనగా, నెలవారీ ప్రోగ్రెస్ కార్డులు సంతకాలు చేయించుకుని తెచ్చారు పిల్లలు. జోగారావు ఒక్కొక్కటే తిరగేస్తున్నాడు. అరుణజ్యోతి కార్డు దగ్గర చెయ్యి ఆగింది. హయత్‌నగర్ నుంచి వచ్చే పిల్ల. నిరుడు కెమిస్ట్రీలో పదిహేను మార్కులు తగ్గి సీటు పోగొట్టుకుని, లాంగ్‌టర్మ్‌లో చేరింది. ముందు బెంచీలో కూర్చుని, చెప్పిందల్లా రెండుసార్లు రాసుకునే రకం. ఆ కార్డు మీద తండ్రి సంతకం వంకరటింకరగా ఉంది. ఉత్త సంతకం చాలదనుకున్నాడో ఏమో, కారు కాగితాల మీద కొట్టినట్టు దాని కింద గుండ్రటి రబ్బరు స్టాంపు కూడా కొట్టాడు. లింగస్వామి, పాత కార్లు, ఎల్‌బీ నగర్.

జోగారావు ఆ స్టాంపు వంక చాలాసేపు చూశాడు. మట్టయ్య లోపలికి పోయి తాగిన మంచినీళ్ళేమిటో ఇప్పుడు అర్థమైంది. ఆ రోడ్డు మీద ధర చెప్పింది మార్కెట్టు కాదు, ఒకే ఒక్క మనిషి, తాను ఊరు వదిలితే బిడ్డ చదువు ఆగిపోయే మనిషి. ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం క్లాసు అరగంట ముందే వదిలేసి, కారు తీసుకుని నేరుగా ఎల్‌బీ నగర్ వెళ్ళాడు.

యార్డులో లింగస్వామి లేడు. దీక్షలో ఇవాళ ఆయన వంతు, టెంటులో ఉన్నాడన్నారు. కూడలిలో నలుగురి మధ్య, మెడలో బంతిపూల దండతో, గులాబీ కండువాతో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు లింగస్వామి. జోగారావును చూడగానే మొహం వాడిపోయింది. లేచి, దండతోనే రోడ్డు పక్కకు వచ్చాడు.

జోగారావు కార్డు తీసి చూపించాడు. "ఇది మీ స్టాంపేనా?"

"నాదే సార్."

"నా కారు ఐదు లక్షలేనా?"

లింగస్వామి తల వంచుకున్నాడు. "కాదు సార్. ఎనిమిదిన్నర బండి అది. ఫస్టు దినమే తెలుసు నాకు. నేనే అందరికి ఫోన్లు జేసి జెప్పిన."

"సిగ్గు లేదా మీకు? పొద్దున్న లేస్తే టెంటులో కూర్చుని మమ్మల్ని పొమ్మంటారు. పోతామంటే ఇలా కాళ్ళు కట్టేస్తారా?" జోగారావు గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. రెండేళ్ళుగా మింగిన మాటలన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి.

"మేమడిగింది రాష్ట్రం సార్. మిమ్ముల పొమ్మని నేనెన్నడన్న అన్ననా?" లింగస్వామి కూడా గొంతు పెంచాడు, అంతలోనే తగ్గించాడు. "మీరు కారు తెచ్చిన్నాడే అర్థమైంది, బెజవాడకు పోతున్నరని. నా బిడ్డకు నిరుడు పోయింది కెమిస్ట్రీలనే. మీ పాఠం విన్నంక ఇప్పుడిప్పుడే దానికి దారి దొరికింది. సమ్మెల మీరు షట్టర్ సగం దించి పాఠం జెప్పిన్రు జూడు, గా ఇరవై దినాలు మీ గల్లీ మొకాన ఎవ్వడు పోకుంట ఈడ గూసోని నేనే ఆపిన. పిల్లల సదువు జోలికి పోవద్దని కొట్లాడిన."

ఆ ఇరవై రోజులూ తన జాగ్రత్తే తనను కాపాడిందని జోగారావు ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

"తప్పు జేసిన. బిడ్డకేం దెల్వదు, దాన్నేమనకుండ్రి," అంటూ లింగస్వామి చెయ్యి చాపాడు. "తాళం ఇయ్యుండ్రి. ఎనిమిదిన్నర. పొద్దుగూకేలోపల పైసలు తెచ్చి మీ చేతుల పెడ్త."

"మరి మీ అమ్మాయి?"

"ఇంకో సారును దేవులాడ్త."

"ఏడాది సగంలోనా?"

లింగస్వామి రోడ్డు వైపు చూశాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. జోగారావు తాళం మీద పిడికిలి బిగించాడు. మూడు వారాలుగా తలుపు మూసి ఉందని కొట్టుకున్నాడు. ఇప్పుడు తీసిన తలుపు ఎదురుగానే ఉంది, కాలు కదలడం లేదు. ఆ మనిషి మీద కోపం చావలేదు, తన మీద అంతకు రెట్టింపు కోపం వచ్చింది.

"మే నెలలో అమ్మితే ఎంతిస్తారు?"

"ఏడున్నర దాటది సార్. మల్ల అబద్ధం జెప్ప."

జేబులో ఫోను మోగింది. ఇంద్రాణి. గడువు దగ్గరపడిందని బావమరిది పొద్దున్నుంచీ ఆమెను తొందరపెడుతున్నాడని జోగారావుకు తెలుసు.

"ఏమండీ, యార్డుకు వెళ్ళారా? ఎంతకొచ్చాడు?"

ఎదురుగా లింగస్వామి తాళం కోసం చూస్తున్నాడు. వెనకాల బెజవాడ బస్సు ఒకటి హారను కొట్టుకుంటూ కూడలి దాటి పోయింది.

"ఐదే అంటున్నాడు ఇందూ. ఒక్క పైసా పైకి రానంటున్నాడు," అన్నాడు జోగారావు.

తన కాళ్ళను కట్టేసిన అబద్ధాన్నే తీసి భార్య కాళ్ళకు కట్టాడు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో ఆమెకు ఆయన చేసిన పెద్ద ద్రోహం అదే, ఆ సంగతి అంటూ ఉండగానే ఆయనకు తెలిసింది. లింగస్వామి చెయ్యి మెల్లగా కిందికి దిగింది. కండువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

అవతల ఏదో అట్టపెట్టె కింద పెట్టిన చప్పుడైంది.

"ఐదుకా? వద్దండీ, అమ్మకండి. పన్నెండు లక్షల బండిని ఎలా పారేసుకుంటాం?" అంది ఇంద్రాణి. "స్టీలు సామానంతా అట్టపెట్టెల్లో సర్దేశాను. విప్పెయ్యమంటారా?"

జోగారావు ఫోను చెవి నుంచి దూరంగా తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"విప్పెయ్," అన్నాడు.